ఎస్‌వీటీకి గోళీలా, అబ్లేషనా? నాకైతే ఇలా తేలింది

బీటెక్ మూడో ఏడాదిలో భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తుంటే గుండె ఒక్కసారిగా 190కి ఎగిరింది. మెల్లగా పెరగడం కాదు, స్విచ్ వేసినట్టు మొదలై ఇరవై నిమిషాలకు స్విచ్ తీసినట్టే ఆగిపోయింది. హన్మకొండలో చూపించుకునేసరికి ఈసీజీ మామూలుగా ఉంది, "ఎగ్జామ్స్ టెన్షన్, బాగా నిద్రపో" అన్నారు. అమ్మ దిష్టి తీసింది. ఇద్దరి మీదా కోపం లేదు, దడ ఉన్నప్పుడు తీస్తేనే ఈసీజీలో దొరికే జబ్బు ఇది. ఏడాదిన్నర తర్వాత ఒక రాత్రి ఎమర్జెన్సీలో దొరికింది: ఎస్‌వీటీ, అంటే గుండె ఉన్నట్టుండి విపరీతమైన వేగంతో కొట్టుకునే జబ్బు. గుండెలో కరెంటు పోయే దారికి పక్కనే ఇంకో దారి ఉండి, కరెంటు ఆ రెండింట్లోనే గుండ్రంగా తిరుగుతూ ఉంటుందట. అడినోసిన్ ఇంజెక్షన్ వేస్తే ఆగింది గానీ, ఆ కొన్ని సెకన్లు పానం పోయినట్టే ఉండె.

మొదట ఏమీ వాడలేదు, దడ వస్తే సిరంజి. సగం కూర్చుని 10 మి.లీ. సిరంజిలోకి 15 సెకన్లు గట్టిగా ఊది, వెంటనే వెల్లకిలా పడుకుంటే ఇంకొకరు కాళ్లు ఎత్తి పట్టాలి. 2015లో బ్రిటన్‌లో చేసిన పరిశోధనలో ఇలా 43 శాతం మందికి దడ ఆగింది, కాళ్లు ఎత్తనివాళ్లలో 17 శాతానికే. ఇంట్లో మా తమ్ముడు ఈ పనిలో ఆరితేరాడు, కానీ కాజీపేట ప్లాట్‌ఫాం మీద మన కాళ్లు ఎవరు ఎత్తుతారు?

తర్వాత గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ గోళీ. ఖర్చు తక్కువ, దడలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. పొద్దున లేస్తే ఒళ్లు బరువు, క్రికెట్‌లో రెండు ఓవర్లకే కాళ్లు లాగేవి. ఇది అందరికీ ఇలా ఉండదు, బాగా పడినవాళ్లూ ఉన్నారు. ఆస్తమా ఉంటే మాత్రం ముందే చెప్పాలి, మనంతట మనం ఒక్కసారిగా మానేయకూడదు కూడా.

అబ్లేషన్‌కు హైదరాబాద్ పోవాలి. గజ్జల దగ్గర సిరలోంచి సన్నని తీగలు గుండెదాకా పంపి, కావాలనే దడ పుట్టించి, తప్పుదారి ఎక్కడుందో చూసి అక్కడ వేడితో కాలుస్తారు. నాలాంటి ఎస్‌వీటీలో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. భయమంతా ఆ మిగిలిన లెక్కలోనే ఉంది: నూటికి ఒకరికో అంతకన్నా తక్కువకో అసలు దారి కూడా దెబ్బతిని పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తుంది. "ఇరవై మూడేళ్లకు పేస్‌మేకరా బిడ్డా?" అని నాన్న నెల రోజులు అడిగాడు. కానీ నాకు నెలకు రెండు మూడుసార్లు వస్తోంది, ముందు నలభై ఏళ్ల గోళీలున్నాయి. చేయించుకున్నాను.

ఆ రోజు కన్నా తర్వాతి రెండు నెలలే కష్టం. గజ్జల్లో నీలం మచ్చ వారంలో పోయింది, బరువులెత్తడం కొన్నాళ్లు ఆపాను. కానీ గుండె మధ్యమధ్య ఒక్క దెబ్బ తప్పినట్టు అనిపించేది. అది మామూలేనని డాక్టర్ చెప్పినా చెయ్యి దానంతటదే మణికట్టు మీదికి పోయేది, గుండె వేగం చూపించే వాచీని రాత్రి తీసి బీరువాలో పెట్టేవాణ్ణి.

ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చిపోయే ఎస్‌వీటీ అయితే నేనైనా సిరంజితోనే సరిపెట్టుకునేవాణ్ణి. తరచూ వస్తుంటే, వయసులో ఉంటే, అబ్లేషన్ మేలంటాను. ఈసీజీలో డబ్ల్యూపీడబ్ల్యూ (గుండె పై గదులకూ కింది గదులకూ మధ్య పుట్టుకతోనే అదనపు కరెంటు దారి ఉండటం) అని రాసినా, దడతో స్పృహ తప్పినా ఈ పోలికలేవీ పనికిరావు, గుండె లయ చూసే డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే. దడకిచ్చే కొన్ని మందులు వాళ్లకు ప్రమాదం.

మొన్న పద్మాక్షి గుట్ట మెట్లెక్కితే వాచీ 150 చూపించింది. పైన కూర్చుని చూస్తూ ఉన్నాను. 130, 118, 104, మెల్లగా దిగింది.