మొగిలి ఘాట్‌లో లైట్ ఆరిపోయిన రాత్రి: లాంగ్ రైడ్లలో పవర్‌బ్యాంక్, రెండున్నరేళ్ల వాడకం

ఈ పవర్‌బ్యాంక్ కొని రెండున్నరేళ్లు దాటింది. కొన్న కొత్తలో మా తిరుపతి సైకిల్ గ్రూపులో కనపడినోళ్లందరికీ ఇదే తీసుకోండన్నా అని చెప్పింది నేనే, నా మాట నమ్మి ముగ్గురు తీసుకున్నారు కూడా, అందుకే ఇప్పుడు ఇది రాయాల్సింది కూడా నేనే. 20000 ఎంఏహెచ్, రెండు పోర్టులు, ఫాస్ట్ ఛార్జింగ్, అవన్నీ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నా. నా కోపమంతా ఒక్కదాని మీదే. ఇది మనకు తెలీకుండా దానంతటదే ఆగిపోతుంది.

పోయిన డిసెంబర్‌లో 300 కిలోమీటర్ల బీఆర్ఎంకి (టైమ్ లోపల పూర్తి చేయాల్సిన లాంగ్ సైకిల్ రైడ్, 300కి 20 గంటలే) ప్రాక్టీస్‌గా నేనూ మా చిన్నాన్న కొడుకూ తెల్లారుజామున 4 గంటలకి అలిపిరి దగ్గర ఎక్కి చంద్రగిరి, చిత్తూరు, బంగారుపాళ్యం, పలమనేరు మీదుగా ముళబాగల్ దాకా పోయి తిరిగొద్దామని బయల్దేరాం. పొద్దున ఘాట్ ఎక్కేటప్పుడు కాళ్లు పీకినా బాగానే పోయాం. సాయంత్రం ముళబాగల్‌లో టీ తాగి, ఇక చీకటి పడుతుంది కదా అని ముందుజాగ్రత్తగా ముందు లైట్‌కి కేబుల్ పెట్టి పవర్‌బ్యాంక్‌ని హ్యాండిల్ దగ్గర బ్యాగులో వేసి జిప్ వేసేశా. లైట్ అప్పటికి ఫుల్ ఛార్జ్‌లో ఉంది, ఆపేసి ఉంది. ఆ ముందుజాగ్రత్తే కొంప ముంచింది.

ఆరుంపావుకి లైట్ వేశా. నంగిలి దాటాం, పలమనేరులో ఇడ్లీ తిన్నాం, చలి బాగా ఉండింది. ఎనిమిదిన్నర ఆ టైమ్‌లో ఘాట్ దిగతా ఉంటే లైట్ మీద ఎర్ర చుక్క రెండుసార్లు మినుకుమంది, మొత్తం ఆరిపోయింది. మొగిలి ఘాట్ సంగతి మన చిత్తూరు వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, లోడు లారీలు బ్రేకులు పట్టుకుంటా దిగతా ఉంటాయి, వంపులు, ఆ స్పీడ్‌లో ముందు ఏముందో కనపడలేదు నాకు. వెనకనుంచి వస్తున్న లారీ వెలుగులో నా నీడే రోడ్డు మీద పొడుగ్గా పడింది, దాన్నిబట్టే అంచు ఎక్కడుందో చూసుకుని పక్కకి తీసి ఆపా. చేతులు వణికాయి, అబద్ధమెందుకు.

బ్యాగు తెరిచి పవర్‌బ్యాంక్ బటన్ నొక్కితే నాలుగు లైట్లూ వెలిగాయి. నాలుగూ! అంటే ముళబాగల్ నుంచి అది ఒక్క చుక్క కరెంట్ కూడా ఇవ్వలేదన్నమాట, నేను మాత్రం దాని మీదే నడుస్తోందనుకుని రెండు గంటలకు పైగా హై మోడ్‌లో లైట్ లోపలి బ్యాటరీ మొత్తం తాగేశా. కేబుల్ పీకి మళ్లీ పెడితే లైట్ వచ్చింది గానీ లోపల బ్యాటరీ పూర్తిగా ఖాళీ కాబట్టి లో మోడ్ తప్ప పైకి పోలేదు. మావాడు "అన్నా, నా వెనకాలే రా, బ్రేక్ వదలొద్దు" అని ముందు పోతా ఉంటే వాడి లైట్ వెనకాల అంచు పట్టుకుని బంగారుపాళ్యం దాకా మెల్లగా దిగాం.

ఇంటికొచ్చాక అర్థమైంది ఏంటంటే, ఇవి ఫోన్ల కోసం చేసినవి. బయటికి పోయే కరెంట్ ఓ 50, 100 మిల్లీ ఆంపియర్ల కంటే తగ్గితే ఫోన్ ఫుల్ అయిపోయింది, లేదా పీకేశారు అనుకుని చాలా పవర్‌బ్యాంకులు ఆగిపోతాయి. ఫుల్‌గా ఉన్న సైకిల్ లైటు, వెనక టెయిల్ లైటు, జీపీఎస్ కంప్యూటర్ తీసుకునే కరెంట్ కూడా అంతంతే. ఒకసారి ఆగాక మళ్లీ బటన్ నొక్కితేనో, కేబుల్ పీకి పెడితేనో గానీ లేవదు, మనం లైట్ ఆన్ చేసినంత మాత్రాన దానికి తెలీదు.

దీనికి మందు కూడా అందులోనే ఉంది, బటన్ రెండుసార్లు గబగబా నొక్కితే చిన్న వస్తువుల కోసం తక్కువ కరెంట్ మోడ్‌లోకి పోతుంది, డబ్బాలో వచ్చిన కాగితంలో చీమల్లాంటి అక్షరాల్లో రాసుంది. కానీ అది రెండు గంటలే, తర్వాత మళ్లీ మామూలే. ఇప్పుడు రాత్రి రైడ్లలో టీకి ఆగిన ప్రతిచోటా రెండుసార్లు నొక్కుతున్నా. ఇంకోటి, ఏదైనా 40 శాతానికి దిగాకే కేబుల్ పెడతా, 90కి పీకేస్తా, తక్కువగా ఉన్నప్పుడు బాగా లాగుతుంది కాబట్టి మధ్యలో ఆగదు. ఈ పద్ధతిలో మళ్లీ ఇబ్బంది రాలేదు. అయినా నాకు మంట తగ్గలేదు, టార్చిలైట్‌కి ఉన్నట్టు పక్కకి జరిపే స్విచ్ ఒకటి పెడితే ఎంతవుతుంది?

ఒక్కసారి ఛార్జ్ చేస్తే రెండు రోజులు చూసుకోనక్కర్లేదని అప్పట్లో నేను చెప్పిన మాట కూడా కొంచెం సరిచేయాలి. 20000 అనేది లోపల 3.7 వోల్టుల దగ్గర లెక్క, 5 వోల్టులకి మార్చి ఇచ్చేసరికి నష్టాలు పోను 12, 13 వేలు చేతికొస్తే గొప్ప. నా రైడ్లకి అందులో సగం కూడా పట్టలేదు, బరువు మాత్రం మొత్తం మోశా. అందుకే ఈ మధ్య 10000ది వేసుకుపోతున్నా, పెద్దది ఇంట్లో కరెంట్ పోయినప్పుడు వాడుతున్నారు.

కేబుల్ విషయం కూడా చెప్పాలి, రెండు వైపులా టైప్ సి ఉన్నది పెడితే నా టెయిల్ లైట్ అసలు ఛార్జే కాలేదు, లైట్ పాడైందని పారేయబోయా. చవక లైట్లలో ఆ పోర్టులో ఉండాల్సిన చిన్న రెసిస్టర్లు పెట్టరు, దాంతో అవతల ఏదో ఉందని పవర్‌బ్యాంక్‌కి తెలీదు. ఒక వైపు పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో వెంటనే ఎక్కింది. మే నెలలో రేణిగుంట రోడ్డు మీద మధ్యాహ్నం నల్ల బ్యాగులో అయితే ఏ కేబుల్ పెట్టినా లాభం లేదు, వేడికి ఫోన్ ఛార్జింగ్ తీసుకోవడం మానేస్తుంది, తడి గుడ్డ చుట్టడం లాంటివి చేయకుండా నీడలో కాసేపు పెట్టండి.

కొనమంటారా అంటే, పొద్దున్నే శ్రీకాళహస్తి పోయి టిఫిన్ తిని వచ్చేసేవాళ్లకి ఇదేం అక్కర్లేదు. నెలకి ఒకటో రెండో 200లు, 300లు చేసే నాలాంటోళ్లకి పర్లేదు, ఆ రెండు నొక్కులూ గుర్తుంటే. 600 చేసేవాళ్లు డైనమో హబ్ (చక్రం తిరిగితే కరెంట్ పుట్టించేది) గురించి ఆలోచిస్తారేమో, నేను ఇంకా అంత దూరం పోలేదు, దాని ఖర్చు కూడా ఇప్పట్లో నావల్ల కాదు. నా మాట మీద కొన్న ముగ్గురికీ ఫోన్ చేసి బటన్ సంగతి చెప్పా, అందులో ఒకాయన రెండేళ్లుగా తన జీపీఎస్ పాడైందనే అనుకుంటున్నాడంట.