మొక్కలు నాటే కార్యక్రమమా, మెంతి కుండీనా, చెత్త డబ్బానా: చిన్నపిల్లలకు ఏది మేలు?

వానలు మొదలవగానే స్కూల్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చేస్తుంది, పిల్లలను ఆకుపచ్చ డ్రెస్‌లో పంపండి, చేతికి ఒక మొక్క ఇవ్వండి అని. చెట్టూ చేమా, ఊరూ వాడా మనవి అనుకునేలా పిల్లలను పెంచాలంటే ఇదొక్కటే దారి అన్నట్టు తయారయ్యాం. వేరే దారులూ ఉన్నాయి. నేను చెప్పేది నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల సంగతి, పెద్ద క్లాసుల లెక్క వేరు.

మొక్కలు నాటే రోజును తీసిపారెయ్యను. పదిమందితో కలిసి మట్టిలో చేతులు పెట్టడం వాళ్ళకు భలే సరదా. కానీ ఆ సాయంత్రం ఫోటోలు గ్రూపులో పడ్డాక ఆ మొక్క ఎవరిది? దసరా సెలవుల్లో దానికి నీళ్ళెవరు పోస్తారు? ఏం నాటుతున్నామో కూడా చాలాచోట్ల చూసుకోరు. త్వరగా పచ్చబడుతుందని రోడ్ల పక్కన కోనోకార్పస్ అనే చెట్టును నాటుకుంటూ పోయి, తర్వాత దాన్ని నాటొద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. ఈ కార్యక్రమాల్లో ఖమ్మం జిల్లా వనజీవి రామయ్య గారి పేరు తప్పకుండా వినిపిస్తుంది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది ఒక్క రోజు నాటినందుకు కాదు, దశాబ్దాల పాటు విత్తనాలు ఏరుకుంటూ, సైకిల్ మీద మొక్కలు మోసుకుంటూ తిరిగినందుకు. ఉపన్యాసంలో ఆ ముక్క ఎప్పుడూ జారిపోతుంది.

మెంతి కుండీకి ఖర్చే లేదు, విత్తనాలు పోపుల డబ్బాలోనే ఉన్నాయి. రాత్రి నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలకలు తల ఎత్తుతాయి, నెల తిరక్కుండా కూర. ఐదేళ్ళ పిల్లకు ఓపిక ఉండేది అంతవరకే, మామిడి మొక్క పెట్టి ఐదేళ్ళు ఆగమంటే ఎలా? ఒకరోజు మర్చిపోతే వాడుతుంది, మరీ ఎక్కువ పోస్తే కుళ్ళుతుంది, మనం తిట్టక్కర్లేదు. ఇక్కడ ఒక్కటే నియమం: పిల్ల నిద్రపోయాక మనం వెళ్ళి నీళ్ళు పోసి దాన్ని బతికించకూడదు. చస్తే చచ్చిందని మళ్ళీ చల్లించాలి. అయితే ఇందులో పక్కమనిషి లేడు. కుండీ మనది, కూర మనది.

అందుకే నా ఓటు చెత్త డబ్బాకి. తడి, పొడి, హానికరం అని ఇంట్లోనే మూడుగా వేరు చేయాలని 2016 నాటి కేంద్ర ప్రభుత్వ చెత్త నిర్వహణ నిబంధనల్లోనే రాశారు, పాటించేవాళ్ళు మాత్రం తక్కువ. అరటి తొక్క ఇందులో, పాల ప్యాకెట్ కడిగి అందులో అని ఒక వారం చెబితే చాలు, ఆ తర్వాత పిల్లలే మనల్ని పట్టుకుంటారు, ఇంటికొచ్చిన తాతయ్యని కూడా వదలరు. గాజు గ్లాసు పగిలిందనుకోండి, ముక్కలు మనమే ఏరి, పేపర్లో మందంగా చుట్టి, పైన 'గాజు' అని పెద్ద అక్షరాలతో పిల్ల చేత రాయించండి. ఎందుకని అడుగుతుంది. పొద్దున బండి దగ్గర చెత్త వేరు చేసే అక్కకు చాలాసార్లు గ్లౌజులు ఉండవు, చెయ్యి తెగుతుంది అని చెప్పండి. పక్కమనిషి గురించి ఆలోచించడం ఆ వయసుకు ఇంతకంటే బాగా ఎలా అర్థమవుతుందో నాకు తెలీదు. డబ్బా ఇవ్వడానికి పిల్లను కూడా కిందికి తీసుకెళ్ళండి, "నమస్తే అక్కా" అని పలకరించమనండి.

ఇక వయసు లెక్క. నాలుగైదేళ్ళకు కుండీ, ఆరు దాటాక దానితో పాటు డబ్బా. నాటే రోజు వస్తే వెళ్ళనివ్వండి, దానిమీదే ఆధారపడకండి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా వచ్చి చెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతులను ఊరే కాపాడుకుంటుంది. అలాంటి చోట పిల్లలకు వేరే క్లాసు ఎందుకు, పెద్దవాళ్ళను చూస్తే వచ్చేస్తుంది. మనం కారు కిటికీలోంచి చిప్స్ కవర్ విసిరేస్తే పై మూడూ దండగే.

"చెత్త బండిలో తడీ పొడీ కలిపేస్తున్నారు కదా, ఎందుకీ శ్రమ?" అంటారు. కొన్నిచోట్ల నిజమే, పిల్లలూ అది గమనిస్తారు. అప్పుడు తడి చెత్తను బయటికి పంపడం మానేసి, చిల్లులు పెట్టిన బకెట్‌లో కూరగాయల తొక్కలు ఒక వరస, ఎండుటాకులు ఒక వరస వేయించండి. వాసనొస్తే తడి ఎక్కువైందని అర్థం, ఇంకో గుప్పెడు ఆకులు పడాలి. పురుగులు కనిపిస్తే మనం ముక్కు మూసుకుని దూరం జరుగుతాం గానీ, పిల్లలు ఆ బకెట్ పక్కనే చతికిలబడతారు, అన్నానికి పిలిచినా లేవరు.