వెల్డింగ్‌కి వంక పెట్టలేం, పేచీ అంతా కూలింగ్ హోల్స్ దగ్గరే

గల్ఫ్‌లో ఒక గ్యాస్ టర్బైన్ ప్లాంట్‌లో మెయింటెనెన్స్ చూస్తుంటాను. మొదటి స్టేజి వేన్‌లను (వేడి గ్యాస్‌ని తిరిగే బ్లేడ్ల మీదకి మళ్లించే, వంపు తిరిగిన కదలని రెక్కలు) ఈసారి టర్బైన్ తయారీ కంపెనీకి కాకుండా బయటి రిపేర్ షాపుకి ఇచ్చాం. షాపు పేరు ఇక్కడ రాయను.

పగుళ్ల వెల్డింగ్ శుభ్రంగా చేశారు. గడువుకి ముందే పంపారు. రేటూ బాగా తక్కువే. వేన్‌ని చల్లబరిచే గాలి బయటికొచ్చే సన్నటి హోల్స్ సంగతే తేలలేదు.

మా సైజు మెషీన్లలో గ్యాస్ వేడి 1300 డిగ్రీలు దాటుతుంది. వేన్‌ల నికెల్ మిశ్రమం కరిగేదీ ఆ చుట్టుపక్కలే. కంప్రెసర్ నుంచి తెచ్చిన గాలి ఈ హోల్స్‌లోంచి వచ్చి లోహం మీద పల్చగా పరుచుకుంటేనే వేన్ బతుకుతుంది. గుండ్రటి హోల్ అయితే గాలి కాస్త జోరందుకోగానే వేన్ గోడని వదిలి పైకి లేస్తుంది, కిందికి వేడి గ్యాస్ దూరుతుంది. అందుకే హోల్ మూతిని విసనకర్రలా విప్పి చెక్కుతారు. అక్కడ గాలి నెమ్మదించి, పక్కలకు పరుచుకుని గోడని పట్టుకుంటుంది. 1974లోనే గోల్డ్‌స్టీన్, ఎకర్ట్, బర్‌గ్రాఫ్ ప్రయోగాలు చేసి చూపించిన విషయమిది.

వీళ్లు సిరామిక్ కోటింగ్ వేశాక సరిగ్గా ఆ మూతులే పూడాయి. భూతద్దం పెట్టి చూస్తే అంచున చిన్న గట్టు కట్టి ఉంది. అడిగితే ఫ్లో టెస్ట్ రిపోర్ట్ ముందు పెట్టారు, గాలి లెక్క సరిపోయిందట. ఎందుకు సరిపోదు? ఎంత గాలి పోవాలో తేల్చేది లోపలి సన్నటి గొంతు. మూతి కొంత పూడినా, గొంతుకంటే వెడల్పుగా ఉన్నంతసేపు లెక్క పెద్దగా మారదు. వెళ్లిన గాలి గోడని అంటుకుందో ఎగిరిపోయిందో ఆ కాగితం చెప్పదు. పిన్ గేజ్ (హోల్‌లో దూర్చి సైజు చూసే సన్నటి కడ్డీ) కూడా అంతే, గొంతులో దూరిందంటే పాస్.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది లోపలికి వంగిన వైపు. ఉబ్బెత్తు వైపున గాలి మరీ జోరుగా లేకపోతే, చుట్టూ ప్రవహించే గ్యాసే దాన్ని గోడకి అదిమి ఉంచుతుంది. వంగిన వైపున ఆ సాయం దొరకదు. కోటింగ్ దట్టంగా పట్టిందీ అటే!

తిప్పి పంపితే మాట్లాడకుండా మూతులు శుభ్రం చేసిచ్చారు, అది వాళ్ల మంచితనమే. రవాణా ఖర్చు మాత్రం మా నెత్తినే పడింది. మళ్లీ వాళ్లకే ఇస్తాం. కాకపోతే కోటింగ్ తర్వాత ప్రతి వరస మూతుల ఫొటోలు, దగ్గర నుంచి తీసినవి, అందాకే బిల్లు పాస్ చేస్తామని ఆర్డర్‌లోనే రాస్తున్నాం.