28 రూముల లాడ్జికి చానల్ మేనేజర్: మూడున్నరేళ్లు వాడాక

చానల్ మేనేజర్ అంటే లాడ్జి రూముల లెక్కని అన్ని బుకింగ్ సైట్లలోనూ ఒకేసారి మార్చే సాఫ్ట్‌వేర్. దాని మీద మా కోపమంతా ఒక్క ట్యాబ్ మీదే. ‘అన్‌మ్యాప్డ్ రిజర్వేషన్స్’ (ఏ రూముకీ జతకాని బుకింగులు) అని ఆ ట్యాబ్ పేరు. రిపోర్ట్స్ మెనూలో ఎవరూ తొంగిచూడని మూలన ఉంటుంది. అందులో బుకింగ్ పడితే గంట మోగదు, మెసేజ్ రాదు, డాష్‌బోర్డులో అంకె మారదు. 2022 ఆగస్టులో పెట్టించిన దగ్గర్నుంచి మొన్నటి మేడారం జాతర దాకా ఆ ట్యాబ్‌ని తెరిచింది రెండు మూడు సార్లే. తెరవాలని ఎవరూ చెప్పలేదు కూడా.

మాది హన్మకొండ. 14 ఏసీ డీలక్స్, 10 నాన్ ఏసీ, 4 ఫ్యామిలీ రూములు. నాలుగు బుకింగ్ సైట్లకి కలిపాం. కంపెనీ పేరు రాయట్లేదు. 2021 డిసెంబర్‌లో షేర్ మార్కెట్‌కొచ్చిన రేట్‌గెయిన్ గానీ, 2019లో కొరియా కంపెనీ యనోల్జా కొన్న సూరత్ కంపెనీ ఈజీ (eZee) గానీ కాదు. మేం చేరినప్పుడు చిన్న స్టార్టప్, ఇప్పుడు కాదు.

ఉమ్మడి పూల్ మాత్రం నిజంగా పనిచేస్తుంది. ఇంతకుముందు 14 ఏసీల్ని సైటుకి మూడేసి పంచి, రెండు కౌంటర్‌కి ఉంచుకునేవాళ్లం. ఒక సైట్లో మూడూ అయిపోయి ‘సోల్డ్ అవుట్’ పడేది, పక్క సైట్లో మూడూ అలాగే పడి ఉండేవి. పూల్ వచ్చాక ఉన్నవన్నీ నాలుగింట్లోనూ కనిపిస్తాయి, ఎక్కడ ఒకటి పోయినా అన్నిచోట్లా ఒకటి తగ్గుతుంది. మూడు సైట్లలో అర నిమిషంలోపే మారుతుంది, ఒకదాంట్లో రెండు మూడు నిమిషాలు. ముహూర్తాల రోజుల్లో ఆఖరి రూము కూడా రాత్రి తొమ్మిదింటికి పోతోందంటే దీని పుణ్యమే. మొదటి ఏడాది ఎవరడిగినా ‘కళ్లు మూసుకుని పెట్టించుకోండి’ అన్నాం. ఆ ‘కళ్లు మూసుకుని’ అన్న మాట వరకూ వెనక్కి తీసుకుంటున్నాం.

ఎందుకంటే పూల్ నిలబడేది కౌంటర్ మీద. ఎంజీఎం ఆస్పత్రికి పేషెంట్‌ని తెచ్చినవాళ్లు అర్ధరాత్రి దిగుతారు, కాజీపేటలో రైలు తప్పినవాళ్లు వస్తారు. రిసెప్షన్ పిల్లాడు రిజిస్టర్‌లో రాసి, తాళం ఇచ్చేసి, సిస్టంలో పొద్దున ఎక్కిద్దాంలే అనుకున్నాడంటే ఆ రాత్రంతా ఆ రూము నాలుగు సైట్లలో అమ్మకానికి ఉన్నట్టే. అందుకని బోర్డు మీంచి తాళం తీసేముందే ఎంట్రీ పడాలని పెట్టుకున్నాం. ఒక ఏసీని, ఒక నాన్ ఏసీని ఎప్పుడూ పూల్ బయటే ఉంచుతాం. ‘బఫర్’ గడిలో 1 కొడితే సరిపోతుంది. రద్దీ రోజుల్లో మాత్రం ఆశకొద్దీ ఆ 1ని 0 చేస్తాం. జాతరకీ అదే చేశాం.

ఇక జాతర లొల్లి. ఈసారి 2026 జనవరి 28 నుంచి 31 దాకా. 29, గురువారం రాత్రి సమ్మక్క గద్దెకొస్తుంది కాబట్టి ఆ రాత్రికి, మర్నాటి రాత్రికి హన్మకొండలో రూము దొరకడం గగనం. డిసెంబర్‌లో ఒక బుకింగ్ సైటు ఎగ్జిక్యూటివ్ ఫోన్ చేసి, జాతరకి కుటుంబాలు వెతుకుతున్నాయి, మీ ఏసీ డీలక్స్‌నే ఎక్స్‌ట్రా బెడ్‌తో ఇంకో రూమ్ టైపుగా పెడదాం అన్నాడు. సరే అన్నాం. ఎక్స్‌ట్రానెట్‌లో (హోటల్ వాళ్ల కోసం సైటు ఇచ్చే పేజీలో) తనే తయారుచేశాడు, ఎన్ని రూములు అన్న గడిలో 4 కొట్టాడు. ఆ నాలుగూ కొత్తగా కట్టినవి కాదు, ఆ 14లోవే. కానీ సైటుకి అదొక కొత్త ఐడీ. మా సాఫ్ట్‌వేర్‌లో ఆ ఐడీకి జత లేదు. అంటే ఆ సైటు లెక్కలో మాకు 18 ఏసీ రూములు.

కొత్త ఐడీ మీద బుకింగ్ వస్తే సాఫ్ట్‌వేర్‌కి ఏ రూములోంచి తగ్గించాలో తెలియదు, పూల్‌ని ముట్టుకోదు, తీసుకెళ్లి ఆ ట్యాబ్‌లో పడేస్తుంది. అంతవరకూ అర్థం చేసుకోవచ్చు. పడేస్తూనే ‘అందింది’ అని సైటుకి జవాబు కూడా పంపేస్తుంది. మంట అక్కడే. ఆ జవాబు వెళ్లకపోతే సైటు కాసేపు చూసి, ఇదిగో మీ బుకింగ్ అని నేరుగా హోటల్‌కి ఈమెయిల్ పెట్టేది. జవాబు వెళ్లింది కాబట్టి అదీ రాలేదు. అవతల సైటు నిశ్చింత, ఇవతల మేం నిశ్చింత.

27న ఒకాయన చెకిన్ ఎన్నింటికి అని ఫోన్ చేస్తే అరైవల్స్ లిస్టులో పేరు లేదు. అప్పుడు ట్యాబ్ తెరిస్తే మూడు బుకింగులు, మూడూ 29, 30 రాత్రులకే. అప్పటికి 14 ఏసీలూ నిండిపోయాయి. ఒక కుటుంబాన్ని గీజర్ రిపేర్ కోసం ఆపిన ఫ్యామిలీ రూములో సర్దాం, బకెట్లతో వేడినీళ్లు మోయించి. మిగతా ఇద్దరికీ కాజీపేట వైపు వేరే లాడ్జి చూశాం. మా రేటు 1,800, అక్కడ జాతర రేటు 4,500. తేడా 2,700, రెండు రూములు, రెండు రాత్రులు: 10,800 మా గల్లాలోంచి. సాఫ్ట్‌వేర్ మూడు నెలల అద్దె (జీఎస్టీ కాకుండా) కన్నా ఎక్కువే.

తప్పులో మా వాటా లేదనం. కొత్త రూమ్ టైపు పెట్టినప్పుడు చేయాల్సింది ఇప్పుడు ఇలా చేస్తున్నాం: ముందు సైట్లో ఆ టైపుకి రూముల సంఖ్య 0 పెట్టాలి. సాఫ్ట్‌వేర్ మ్యాపింగ్ పేజీలో ‘రిఫ్రెష్ రూమ్స్’ నొక్కితే కొత్త ఐడీ కనిపిస్తుంది, దాన్ని మన ఏసీ డీలక్స్‌కి జత చేయాలి. తర్వాత 365 రోజులకీ ఫుల్ సింక్, అంటే లెక్క మొత్తం సైట్లకి మళ్లీ పంపడం. అంతటితో వదలొద్దు. ఆరు నెలల తర్వాతి తేదీకి, ఉచిత క్యాన్సిలేషన్ రేటు మీద మనమే ఒక బుకింగ్ చేసి, మిగతా మూడు సైట్లలో ఒక రూము తగ్గిందా చూడాలి. క్యాన్సిల్ చేసి, తిరిగి కలిసిందా చూడాలి. పదిహేను నిమిషాల పని. క్యాన్సిల్ చేయడం మర్చిపోతే మళ్లీ అదో కథ.

ఇంకో చిన్న మూగరోగం కూడా ఉంది. సైట్లో కనీస రేటు 1,200 అని పెట్టి, ఆఫ్‌సీజన్‌లో సాఫ్ట్‌వేర్ నుంచి 1,100 పంపితే సైటు తిరగ్గొడుతుంది. మాకున్న ఒక కనెక్షన్‌లో రేటుతో పాటు అదే మెసేజ్‌లో వెళ్లిన రూముల సంఖ్య కూడా తిరిగొస్తుంది. తెర మీద మాత్రం 1,100 పచ్చగా కనిపిస్తుంది. లాగ్ తెరిస్తేనే ఎర్ర చుక్క.

కంపెనీ పెరగడం వల్ల మంచీ చెడూ రెండూ జరిగాయి. మొదట్లో వాట్సాప్ గ్రూపు ఉండేది. హైదరాబాద్ నుంచి ఒక తమ్ముడు తెలుగులో మాట్లాడి, స్క్రీన్ షేర్ తీసుకుని పది నిమిషాల్లో సరిచేసేవాడు. ఇప్పుడు టికెట్ నంబరు. 27న పెట్టిన టికెట్‌కి మనిషి జవాబు వచ్చింది 28 మధ్యాహ్నం, అదీ మ్యాపింగ్ ఎలా చేయాలో చెప్పే పేజీ లింకు. అయితే అప్పట్లో సాయంత్రాలు సర్వర్ పడిపోయేది, ఏడాదిగా ఒక్కసారీ పడలేదు. 2025 సెప్టెంబర్ 22న 7,500 లోపు రూములకి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగినప్పుడు, మేం అడక్కుండానే ఆ అర్ధరాత్రి బిల్లులో మారిపోయింది. 1,800 రూముకి 2,016 అయ్యే బిల్లు పొద్దున్నే 1,890 అయింది. సైట్లు మా డబ్బులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్నులు, టీసీఎస్ 0.5, టీడీఎస్ 0.1 శాతం కూడా విడివిడి కాలమ్‌లలో చూపిస్తుంది, ఆడిటర్‌కి అలాగే పంపుతున్నాం. ఇలాంటి చోట చిన్న స్టార్టప్ తడబడేదేమో.

ఆ 5 శాతంతో ఇన్‌పుట్ క్రెడిట్ (మనం కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సినదాంట్లో తగ్గించుకోవడం) పోయిందని చాలామంది గమనించట్లేదు. నెలకి 3,500 అద్దె మీద 18 శాతం, 630. ఇంతకుముందు అది సర్దుబాటయ్యేది, ఇప్పుడు ఖర్చే. సైట్ల కమిషన్ మీది జీఎస్టీ కూడా అంతే. అద్దె 4,130 అనుకునే లెక్కేసుకోండి.

పది రూములుండి, ఒకే సైటు మీద నడుస్తుంటే ఇది దండగ. ఆ సైటు ఎక్స్‌ట్రానెట్, ఒక రిజిస్టర్ చాలు. కౌంటర్‌లో రాత్రిపూట కంప్యూటర్ తెలిసిన మనిషి లేకపోయినా వద్దు. మాకు నాలుగు సైట్ల వ్యాపారం ఉంది, కాబట్టి వదల్లేకపోతున్నాం. పొద్దున పదింటికి, సాయంత్రం ఆరింటికి ఆ ట్యాబ్ తెరవడం రిసెప్షన్ డ్యూటీ చార్టులో రాశాం. దానికొక అలర్ట్ పెట్టమని ఫిబ్రవరిలో అడిగితే ‘ఫీచర్ రిక్వెస్ట్‌గా నమోదైంది’ అన్నారు. ఆగస్టులో రెన్యువల్. ఈసారి ఏడాదికి కాకుండా మూణ్నెల్లకే కడతాం.