టెనెరిఫే వేడెక్కిందా: ఏ థర్మామీటర్‌ని నమ్మడం మేలు?

టెనెరిఫే ఇంచుమించు ఢిల్లీ అక్షాంశం మీదే ఉంది, 28 డిగ్రీల ఉత్తరాన. అయినా అక్కడి రాజధాని శాంటా క్రూజ్‌లో జనవరి సగటు 18 డిగ్రీలు, ఆగస్టు సగటు 25 పైచిలుకు. సహారా ఎంతో దూరం లేకపోయినా చల్లని కానరీ సముద్ర ప్రవాహం, ఈశాన్య వ్యాపార పవనాలు కలిసి ఈ స్పెయిన్ దీవిని కాపాడుతున్నాయి. అందుకే ఇక్కడ "ఎంత వేడెక్కింది?" అని అడిగితే, జవాబు మీరు ఎంత ఎత్తులో నిలబడి అడిగారన్న దాన్నిబట్టి మారుతుంది.

తీరం సంగతి ముందు. శాంటా క్రూజ్ లెక్కలు జనం బతికే చోటివి, అదే వాటి బలం. కానీ సముద్రం పక్కనే ఉండి మార్పును అణచిపెడుతుంది. పైగా చుట్టూ ఊరు పెరిగింది, కాంక్రీటు పెరిగింది. పెరిగిన వేడిలో వాతావరణం వాటా ఎంత, ఊరి వాటా ఎంత అన్నది విడదీయడం తలనొప్పి పనే.

కొంచెం పైకి, 630 మీటర్ల దగ్గర, లాస్ రోడియోస్ విమానాశ్రయం. 1977 మార్చి 27న రెండు బోయింగ్ 747లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయింది ఇక్కడే. ఆ రోజు రన్‌వేని కప్పేసిన మబ్బు ఈ చోటికి కొత్త కాదు. పైన వేడి పొర మూతలా కూర్చోవడంతో మబ్బులు దాని కిందే చిక్కుకుంటాయి. మబ్బు ఎక్కువైతే పగలు చల్లబడుతుంది, రాత్రి వెచ్చబడుతుంది. కాబట్టి ఇక్కడి థర్మామీటర్ వేడితోపాటు మబ్బు కథ కూడా చెబుతుంది. దీర్ఘకాలిక ధోరణి కోసమైతే నేను దీన్ని పక్కన పెడతాను.

ఆ మబ్బుల సముద్రానికి పైన, 2,370 మీటర్ల దగ్గర, ఇజాన్యా వాతావరణ అబ్జర్వేటరీ ఉంది. 1916లో మొదలైంది. ఏడాది సగటు 10 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఊరి వేడి సోకదు, సముద్రం అడ్డు పడదు. అయితే పగలు ఎండకు కొండవాలు వేడెక్కి కింది గాలి పైకి పాకుతుంది. రాత్రి గాలి దిశ మారి, పైనున్న స్వచ్ఛమైన గాలి దిగివస్తుంది. అందుకే ఇక్కడ రాత్రి కొలతలకే విలువెక్కువ.

21 కేంద్రాల లెక్కలు తీసి 2012లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, 1944 నుంచి దీవి మొత్తం మీద పదేళ్లకు 0.09 డిగ్రీల చొప్పున వేడి పెరిగింది. కానీ రాత్రి ఉష్ణోగ్రతలు మాత్రం పదేళ్లకు 0.17 డిగ్రీలు పెరిగాయి. అన్నిటికంటే ఎక్కువ వేడెక్కింది ఎత్తైన కొండలు, తీరానికి దిగే కొద్దీ ఆ పెరుగుదల తగ్గింది. తీరం అంకె ఒక్కటే చూసి "ఈ దీవికి ఏమీ కాలేదు" అనేవాళ్లు చూడని సగం ఇదే.

కాబట్టి ధోరణి తెలుసుకోవడానికి నా ఓటు ఇజాన్యాకే, అదీ రాత్రి కనిష్ఠాలకు. దీవిలో ఇల్లు తీసుకోవాలనో, పెద్దవాళ్లతో ఉండాలనో చూసేవారికి ఆ కొండ అంకెలతో పని లేదు, శాంటా క్రూజ్ రాత్రులే చూసుకోవాలి. ఇజాన్యాకూ ఒక లోపం ఉంది. వేసవిలో సహారా ధూళితో నిండిన వేడి గాలి నేరుగా ఆ ఎత్తులోకే వస్తుంది, స్థానికులు దాన్ని కలీమా అంటారు. ఒకట్రెండు వేసవుల అంకెలు చూసి నిర్ణయానికి వస్తే ఆ ధూళే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కనీసం ముప్పై ఏళ్ల వరస చేతిలో ఉండాలి.