పాత రివాల్వర్ల ప్లాస్టిక్ గ్రిప్స్: ఏళ్ల తరబడి వాడి చూశాక

పాత రివాల్వర్‌కి ప్లాస్టిక్ గ్రిప్స్ (పిడికి రెండు పక్కలా స్క్రూతో బిగించే పలకలు) కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది ఏ కంపెనీవి మంచివని. ఇన్నేళ్లుగా కొని, బిగించి, విప్పి, దాచి చూశాక నేను చెప్పేది ఒకటే: కంపెనీ పేరు తర్వాత, ముందు అది ఏ ప్లాస్టిక్కో తెలుసుకోండి. అన్నిటినీ కలిపి ప్లాస్టిక్ అనేస్తాం గానీ గట్టి రబ్బరు వేరు, సెల్యులాయిడ్ వేరు, బేకలైట్ వేరు, ఆ తర్వాత వచ్చిన అచ్చు ప్లాస్టిక్కులు వేరు. కొన్ని వందేళ్లు దాటినా చెక్కుచెదరవు. కొన్ని తాము పాడవడమే కాక తుపాకీని కూడా పాడుచేస్తాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి నల్లటి గట్టి రబ్బరు గ్రిప్స్. రబ్బరులో గంధకం బాగా ఎక్కువ కలిపి వేడిచేస్తే వచ్చే సరుకు ఇది. 1851లో అమెరికాలో నెల్సన్ గుడ్‌ఇయర్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. కోల్ట్ కంపెనీ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్‌కి 1880ల నుంచి ఇవి ఎక్కువగా వచ్చాయి, మొదట్లో గద్ద బొమ్మతో. ఐవర్ జాన్సన్ చిన్న రివాల్వర్లయితే గుడ్లగూబ తల, హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ అయితే తూటా రంధ్రాలు పడ్డ టార్గెట్ బొమ్మ. అంత చవక తుపాకీకి అంత శ్రద్ధగా బొమ్మ చెక్కిన అచ్చు చేయించారంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. చేతిలోకి తీసుకోగానే లోహంలా చల్లగా తగలదు, పైన అచ్చొత్తిన అడ్డగీతల వల్ల పట్టు కూడా బాగుంటుంది.

లోపాలు లేవని కాదు. ఇది పెళుసు. పిడి అడుగు మూల, స్క్రూ చుట్టుపక్కల, ఫ్రేమ్‌కి (తుపాకీ లోహపు చట్రానికి) ఆనుకునే పై అంచు, ఈ మూడు చోట్లే ఎక్కువగా పెచ్చు లేస్తుంది, కాబట్టి ఫొటోలు చూసి కొనేటప్పుడు ఆ మూడింటినీ దగ్గరగా తీసి పంపమని అడగండి. ఎండ, వెలుతురు తగిలితే నలుపు పోయి చాక్లెట్ రంగులోకి తిరుగుతుంది. ఈ గోధుమరంగుని చాలామంది లోపంగా చూస్తారు. నేనైతే వెతుక్కుంటాను. బయటివైపు గోధుమ, విప్పి చూస్తే వెనకవైపు ఇంకా నలుపు ఉంటే అది పాతదేనని చెప్పడానికి మంచి ఆధారం. దానికి నల్ల బూట్‌పాలిష్ పూసి కొత్తగా చేసి అమ్మేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, నీళ్లలో నానబెట్టి కడగొద్దు. వెలుతురుకు పాతబడిన పైపొరలో గంధకం ఆమ్లంగా మారి ఉంటుంది, తడి తగిలితే ఆ గోధుమరంగు ఇంకా ముదురుతుంది. పొడి మెత్తటి బ్రష్ చాలు.

ఇక సెల్యులాయిడ్. దంతంలా, ముత్యపు చిప్పలా మెరిసే పాత గ్రిప్స్‌లో చాలావరకు ఇదే. 1870లో హయట్ సోదరులు పేటెంట్ తీసుకున్న సరుకు ఇది, నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి చేస్తారు. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, సన్నగా కర్పూరం వాసన వస్తే అనుమానం అక్కర్లేదు. చూడ్డానికి వీటిని మించినవి లేవు, ఆ ముత్యపు మెరుపు ఫొటోలో కూడా పట్టుకోలేం. (ఇదే మెరుపు షీటుని అమెరికాలో గిటార్లకీ, టాయిలెట్ సీట్లకీ కూడా అతికించేవాళ్లు, అందుకే కలెక్టర్లు దాన్ని సరదాగా టాయిలెట్ సీట్ ముత్యం అంటారు.) కానీ దాచుకోవడానికి ఇంత టెన్షన్ పెట్టే వస్తువు ఇంకోటి లేదు. కాలం గడిచేకొద్దీ ఇది కుంచించుకుపోతుంది, స్క్రూ మాత్రం కుంచించుకోదు కాబట్టి రంధ్రం దగ్గర పగులుతుంది. అంతకంటే చెడ్డ విషయం, పాడవడం మొదలైతే ఆమ్లపు ఆవిరి వదులుతుంది. నాకు పోస్టులో వచ్చిన ఒక ముత్యపు జత లోపల సన్నటి పగుళ్ల వల, స్క్రూ కూర్చునే ఇత్తడి కప్పుల మీద ఆకుపచ్చ చిలుము ఉన్నాయి. ఆ జత కూర్చున్న తుపాకీ ఉక్కుకి ఏమవుతుందో ఊహించుకోవచ్చు. నా దగ్గరున్న సెల్యులాయిడ్ జతలేవీ తుపాకీ మీద ఉండవు. గాలి ఆడేలా కాగితం కవర్లలో, చల్లటి చోట, మిగతావాటికి దూరంగా ఉంటాయి. వేడి సూది గుచ్చి పరీక్షించమని ఎవరైనా చెబితే వినొద్దు, సెల్యులాయిడ్ భగ్గున అంటుకునే సరుకు.

బేకలైట్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టిన గట్టి ప్లాస్టిక్ ఇది. రెండో ప్రపంచయుద్ధకాలంలో బ్రిటిష్ ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 రివాల్వర్లకి ఈ పిడులు చాలా వచ్చాయి. కింద పడితే పగులుతుంది, పడకపోతే ఏమీ కాదు.

ఆ తర్వాత వచ్చిన అచ్చు ప్లాస్టిక్కుల్లో, అమెరికన్ గన్ షోల్లో ఎక్కువగా చేతికొచ్చేవి ఫ్రాంజైట్ బ్రాండు గ్రిప్స్. షికాగోలోని స్పోర్ట్స్ ఇంక్ అనే కంపెనీ అమ్మినవి. విప్పి చూస్తే లోపలివైపు పేరు, నంబరు అచ్చులోనే ఉంటాయి, కాబట్టి గుర్తుపట్టడం తేలిక. దంతం, దుప్పికొమ్ము, ముత్యం, ఎద్దు తల, ఇలా రకరకాల వేషాలు. వాడి చూసిన మాట చెప్పాలంటే, నా చేతికి ఇవి లావుగా, లోపల డొల్లగా, తేలిగ్గా అనిపిస్తాయి; బరువైన ఉక్కు రివాల్వర్‌కి వీటిని బిగిస్తే ఏదో తేడాగా ఉంటుంది. అంచులు ఫ్రేమ్‌కి సరిగ్గా కలవవు, గోరు తగిలేంత మెట్టు మిగులుతుంది. కానీ నా దగ్గరున్నవి సెల్యులాయిడ్‌లా మోసం చేయలేదు. దంతం రంగువి పసుపెక్కాయి, అంతే. ఒక్కటే కొనాలంటే దుప్పికొమ్ము రకం కొనండి, గాడుల్లోని ముదురు రంగు వల్ల ప్లాస్టిక్ అన్న సంగతి అంతగా బయటపడదు. దంతం రకానికి ఈమధ్య గిరాకీ బాగానే ఉంది, 2016లో అమెరికా ఫెడరల్ నిబంధనలు ఆఫ్రికా ఏనుగు దంతం వ్యాపారాన్ని దాదాపు పూర్తిగా ఆపేశాయి కదా.

కోల్ట్‌వుడ్ అని ఇంకోటి ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కొన్నేళ్లు చెక్కకు బదులు కోల్ట్ తన రివాల్వర్లకే వేసిన ఎర్రటి గోధుమరంగు ప్లాస్టిక్. అందంగా ఉండదు, ఒప్పుకుంటాను. ఆ కాలపు చాలా కోల్ట్‌లకు ఇప్పుడు చెక్క పిడులే కనిపిస్తాయి, అంటే యజమానులు దీన్ని తీసి పారేశారన్నమాట. తుపాకీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలనుకునేవాడికి ఇప్పుడు ఆ పారేసినదే కావాలి. మిగతావాళ్లు పట్టించుకోనక్కర్లేదు.

కొనేముందు ఫ్రేమ్ కొలత చూసుకోండి, డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీవాటిలో జే, కే, ఎన్ అని మూడు సైజుల ఫ్రేమ్‌లు వేరు; ఒకే ఫ్రేమ్‌లో పిడి అడుగు గుండ్రంగా ఉన్నది, చదరంగా ఉన్నది వేరు. కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్‌కి 1966లో పిడి ఫ్రేమ్ పొట్టి చేశారు, ముందువి తర్వాతవాటికి కుదరవు. పాత గట్టి రబ్బరువి చాలావరకు ఫ్యాక్టరీలో ఆ ఒక్క తుపాకీకే సరిచేసి బిగించినవి, కాబట్టి మోడల్ సరైనదే అయినా వెంట్రుకవాసి తేడా ఉండొచ్చు. దానికోసం ఆకురాయి పట్టుకుని పాత పిడిని అరగదీయొద్దు.

నకిలీలు కూడా చాలానే ఉన్నాయి. అసలుదాన్ని అచ్చుగా వాడి రెసిన్ పోసి తీసినవి కాస్త చిన్నవవుతాయి, గీతల మొనలు మొద్దుబారి ఉంటాయి, వెనకవైపు గాలిబుడగల గుంటలు కనిపిస్తాయి. నకిలీ అని చెప్పి అమ్మితే నాకు అభ్యంతరం లేదు, కాల్చడానికి నేను వాడేవి అవే. వందేళ్ల నాటి గట్టి రబ్బరుని కాల్చినప్పుడు వచ్చే తాకిడికి గురిచేయడం నాకిష్టం లేదు.

శుభ్రం చేసేటప్పుడు సిలిండర్ ఖాళీగా ఉందని చూసుకుని, ముందు గ్రిప్స్ విప్పి పక్కన పెట్టండి. తుపాకీ గొట్టం కడిగే ద్రావకాలు, అసిటోన్ ఈ ప్లాస్టిక్కుల్లో చాలావాటిని మసకబారుస్తాయి, కొన్నిటిని కరిగించేస్తాయి. స్క్రూ తలలోని గాడికి నిండుగా పట్టే స్క్రూడ్రైవర్ వాడండి. గ్రిప్ కదలడం ఆగగానే బిగించడం ఆపేయండి.