గాలి మీద తేలే కారు, వారంటీ దాటాక

జర్మన్ లగ్జరీ కారు కొనేవాళ్లు మెర్సిడెస్సా, బీఎండబ్ల్యూనా, ఆడీనా అని తలలు బద్దలు కొట్టుకుంటారు. మూడూ నడిపాను, అందులో ఒకటి ఏళ్ల తరబడి వాడుతున్నాను. నన్నడిగితే పాత కారు కొనేటప్పుడు బ్యాడ్జి కంటే ముందు చూడాల్సింది ఎయిర్ సస్పెన్షన్, అంటే స్టీల్ స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు సంచుల మీద కారును నిలిపే ఏర్పాటు.

ఇది కొత్త సరుకేమీ కాదు. మెర్సిడెస్ 1961లోనే 300 ఎస్ఈలో పెట్టింది. 1998 ఎస్ క్లాస్‌లో ఎయిర్‌మాటిక్ పేరుతో మళ్లీ తెచ్చింది. ఆడీ 2002 ఏ8లో నాలుగు చక్రాలకూ ఇచ్చింది. బీఎండబ్ల్యూ 7 సిరీస్ ముందు చక్రాలకు కూడా ఇవ్వడానికి 2015 దాకా ఆగింది.

నేను వాడే కారులో ఉన్నదీ ఇదే. దాని సుఖం మాటల్లో చెప్పలేను. మా అమ్మకు నడుం నొప్పి. వేరే కార్లలో దూర ప్రయాణమంటేనే భయపడే మనిషి, ఇందులో హాయిగా నిద్రపోతుంది. డిక్కీ నిండా సామాను వేసినా కారు వెనక్కి వంగదు. ఈ ఒక్క కారణానికే దీన్ని ప్రాణంగా చూసుకున్నాను.

వారంటీ అయిపోయిన కొంతకాలానికి, పొద్దున లేచి చూస్తే ముందు ఎడమ వైపు కారు కుంగిపోయి ఉంది. స్టార్ట్ చేస్తే కాసేపటికి మామూలుగా లేచింది. సర్వీస్ సెంటర్లో కంప్యూటర్ పెట్టి చూసి, కంప్రెసర్ (సంచుల్లోకి గాలి కొట్టే పంపు) పోయిందని కొత్తది వేశారు, బిల్లు చేతిలో పెట్టారు. నాలుగు రోజులు బాగుంది, మళ్లీ అదే మూల కుంగింది. ఈసారి బయట ఒక పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చక్రం తీసి, గాలి సంచి రబ్బరు మడతల మీద సబ్బు నీళ్లు చల్లాడు. బుడగలొచ్చాయి. రబ్బరు వయసైపోయి సన్నగా చీలింది. రాత్రంతా కారిపోయే గాలిని పూడ్చడానికి కంప్రెసర్ ఆగకుండా తిరిగి, వేడెక్కి కాలిపోయింది. చీలిక అలాగే ఉంచి కొత్తది వేస్తే దానికీ అదే గతి! అసలు జబ్బు వదిలేసి లక్షణానికి ఖరీదైన మందు రాసిన ఆ సర్వీస్ సెంటర్ మీద నాకు ఇప్పటికీ కోపమే. రెండు వైపులా కొత్త ఎయిర్ స్ప్రింగులు, అంటే ఆ గాలి సంచులు, వేయించాక గానీ టెన్షన్ తీరలేదు. మామూలు స్టీల్ స్ప్రింగులతో పోలిస్తే ఖర్చు కొన్ని రెట్లు.

ఇది ఒక్క కంపెనీ లోపం అనలేను. రబ్బరు ఎవరి కారులో ఉన్నా ఎండకూ వయసుకూ చీలుతుంది. ఇంకో సంగతి. ఆ తర్వాత టైర్లు మార్చేటప్పుడు చిన్న రిమ్ములు, మందం టైర్లు వేయించాను. గుంతల్లో కుదుపు ఇంకా తగ్గింది. అంటే నేను మురిసిపోయిన మెత్తదనమంతా గాలిదే కాదు.

ఇంట్లో పెద్దవాళ్లుండి, దూరాలు తిరుగుతూ, ఇలాంటి బిల్లు ఎప్పుడొచ్చినా తట్టుకోగలిగితే తీసుకోండి. కొనేముందు రాత్రి కారును అలాగే నిలిపి, పొద్దున నాలుగు మూలలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడండి. ఒంటరిగా, ఊళ్లోనే తిరిగేవాళ్లకు స్టీల్ స్ప్రింగుల కారే చాలు. నేను మాత్రం అమ్మ ప్రయాణాలు చేసినన్నాళ్లు దీన్ని అమ్మను.